జామర్‌కు కరెంటు కావాలి

ఏజెంట్ డ్వేన్‌ను చంపడానికి వాళ్ళు తూటా కూడా ఖర్చు పెట్టలేదు. అతను ఉంటున్న ఇల్లులాంటి బండి, మోటర్‌హోమ్ కింద జనరేటర్ పొగగొట్టాన్ని వంచి, మంచం కింది కంతలోకి దూర్చారంతే. నిద్రలోనే పోయాడు. అరిజోనా ఎడారిలో చలికాలం గడపడానికి వచ్చిన ముసలివాళ్ళంతా అదొక ప్రమాదమనుకున్నారు. పాపమని పువ్వులు పెట్టి, ఎవరి బండ్లలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

"ప్రమాదం కాదు వేడ్," అన్నాడు మేజర్ ప్రెస్కాట్ ఫోన్‌లో. "ఆ బండ్లలో ఒకదాంట్లో విదేశీ ముఠా సిగ్నల్ చెడగొట్టే జామర్ పెట్టింది. మధ్యాహ్నం మన కొత్త విమానం కొండల మధ్య తక్కువ ఎత్తులో ఎగురుతుంది. నడిపేది కంప్యూటరే. సిగ్నల్ చెడితే రెప్పపాటులో కొండను గుద్దేస్తుంది. పైలట్..."

"మా అమ్మాయి టెస్. తెలుసు సార్."

"ముఠాలో మన గూఢచారి కోరిన్ ఉంది. వాళ్ళ జనరేటర్ స్టార్ట్ కావట్లేదట. మెకానిక్ వేషంలో వెళ్ళు."

వేడ్ నూనె మరకల చొక్కా తొడుక్కుని వెళ్ళి ఆ బండి తలుపు కొట్టాడు. సిల్కు గౌనులో కోరిన్ వచ్చింది.

"ఆయిల్ మార్చమంటారా మేడమ్?" కోడ్ వర్డ్ చెప్పాడు.

"మార్చు. ముందు ఆ పనిముట్ల పెట్టెలో పిస్తోలు ఇలా ఇచ్చెయ్." ఆమె తుపాకీ అతని నుదుటికి గురిపెట్టి ఉంది.

అంటే డ్వేన్‌ను పట్టించింది ఇదేనన్నమాట! వేడ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నన్నే ఎందుకు పిలిపించావే?"

"వేరే మెకానిక్ అయితే ఊరంతా వాగుతాడు. నిన్ను ఇసుకలో పాతిపెట్టినా గవర్నమెంటు నోరెత్తదు. కానియ్, కూతురి చావుకు కరెంటు నువ్వే ఇవ్వు!"

లోపల సోఫాలో బట్టతల మనిషి నవ్వాడు. ముఠా నాయకుడు ఆన్సెల్. ఇరుగుపొరుగుకు మాత్రం రిటైరైన పళ్ళ డాక్టరు. "అతనికి మరీ దగ్గరగా నిలబడకు కోరిన్. ఒకసారి అమ్ముడుపోయినవాళ్ళంటే నాకు గుబులు."

వేడ్ బండి పక్క అర తెరిచి జనరేటర్ కార్బురేటర్ విప్పాడు. పాత పెట్రోల్ జిగురు కట్టి ఉంది.

"నెలకోసారైనా దీన్ని నడిపారా?"

"అవసరం పడలేదు."

"ఇక్కడ ఎనభై ఏళ్ళ ముసలమ్మలు కూడా నడుపుతారు. మీరేం గూఢచారులు, మీ మొహాలకి!"

కోరిన్ తుపాకీ మడమతో అతని దవడ పగలగొట్టింది. ఊడిపడ్డ పన్నును డాక్టరు ఏరి, వెలుతుర్లో పెట్టి చూశాడు. "మంచి పన్నే," అన్నాడు.

వేడ్ రక్తం ఉమ్మేసి జిగురంతా కడిగాడు. ప్లగ్గు, ఫిల్టరు మార్చాడు. బ్యాటరీకి ఊపు కావాలని బండి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పెట్రోల్ ముల్లు చూశాడు. పావు ట్యాంకుకు కాస్త పైన ఉంది.

జనరేటర్ అందుకుంది.

"రిపేరయ్యాక లోడ్ మీద నడపాలి. రెండు ఏసీలూ, హీటరూ వెయ్యండి."

కోరిన్ నమ్మలేదు. డాక్టరును కాపలా పెట్టి పక్క బండి ముసలమ్మను అడిగింది.

"అయ్యో, లోడ్ లేకుండా నడిపితే పాడైపోదూ!" అందావిడ.

గంటసేపు అన్నీ నడిచాయి. వేడ్‌ను కుర్చీకి కట్టేసి జామర్ ఆన్ చేశారు. దూరంగా విమానం మోత వినిపించింది. టెస్... కొండల్లోకి దిగడానికి ఇంకా ఐదారు సెకండ్లే.

జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. జామర్ దీపాలు ఆరిపోయాయి.

"పెట్రోల్ ఉందిగా!" కోరిన్ స్టార్టర్ నొక్కుతూనే ఉంది.

"ఏం చేశారు మీరిద్దరూ?" డాక్టరు పిస్తోలు తీశాడు.

వేడ్ డాక్టరు వైపు చూడనైనా చూడలేదు. "నువ్వు చెప్పినట్టే చేశానుగా కోరిన్. ఇక కట్లు విప్పు."

"అబద్ధం! డాక్టర్, నేను..."

తూటా ఆమె మాటను సగంలో ఆపేసింది. విమానం నెత్తిమీదుగా దూసుకెళ్ళి కొండలు దాటిపోయింది.

డాక్టరు స్టీరింగ్ దగ్గరికి పరుగెత్తి తాళం తిప్పాడు. ఇంజన్ టక్కున అందుకుంది. అతను కొయ్యబారిపోయాడు.

"పెట్రోల్ ఉంది మరి!"

"ఆ పావు ట్యాంకు మీకే డాక్టరుగారూ. జనరేటర్‌కు పెట్రోల్ తోడే గొట్టం ట్యాంకులో అంతకంటే కిందికి అందదు. ఊరు చేరడానికి మిగలాలని అలా పెడతారు."

జామర్ వెలిగిన కాసేపట్లోనే దాని జాడ పట్టిన హెలికాప్టర్, బండి కదిలేలోపే ఇసుక రేపుతూ దిగింది. సంకెళ్ళు పడ్డాక డాక్టరు నేలమీది కోరిన్‌ను చూశాడు. "అంటే... ఆమె నిజంగా నావైపే ఉందా?"

"ఉంది. నాకు తెలుసు," అన్నాడు వేడ్, దవడ పట్టుకుని. "అందుకేగా మీచేతే ఆమెను చంపించాను."