ఉతకని స్కార్ఫ్

"మూడు రోజులు వేసుకుని విప్పిన చొక్కా తెమ్మన్నాను కదండీ. ఇదేంటి?"

"చొక్కానే."

"ఉతికారు."

"ఉతకడమేంటి, ఇస్త్రీ కూడా చేశాను," అన్నాడతను గుమ్మంలో గొడుగు ముడుస్తూ.

ఆమె ఆ చొక్కాను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. కాలరు బిగుసుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గరున్న చిన్న కుక్క ఒకసారి ముక్కు ఆనించి, తుమ్మి, తన మానాన తను సోఫా కిందికి వెళ్లిపోయింది.

"చూశారా? వాడి లెక్కలో మీరొక సబ్బుబిళ్ల."

అతనికి తల తీసేసినట్టయింది. లాండ్రీ నడిపే మనిషి మాసిన చొక్కా పట్టుకుని పరాయి ఇంటికి ఎలా వస్తాడు? ముప్పై ఏళ్లుగా వాళ్ల ఇంటిల్లిపాదీ చేసిన పని బట్టల్లోంచి మనుషుల వాసన పోగొట్టడమే. ఆ మాటే పైకి అన్నాడు. ఆమె నవ్వలేదు గానీ, కళ్లజోడు తీసి అవసరం లేకపోయినా తుడుచుకుంది.

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని ఆమెది. దిక్కులేని కుక్కలకు ఆమె రెండు గదుల ఇల్లే విడిది. సొంత ఇల్లు దొరికేదాకా సాకుతుంది, దొరికాక అప్పగించేస్తుంది.

ఇప్పుడున్నవాడు గుండీ. పొట్టి జాతి. ఎనిమిదేళ్లొచ్చినా పిల్లికన్నా ఒక పిడికెడు ఎక్కువంతే. ముందు పన్ను ఒకటి లేదు. ఒక ముసలావిడ ఒళ్లో పెరిగాడు. ఆవిడ పోయాక రెండు ఇళ్లవాళ్లు తీసుకెళ్లారు, ఇద్దరూ తిరిగి తెచ్చిచ్చారు. తిండి ముట్టడట, తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తాడట.

"వాడికి ఇల్లంటే వాసనే," అందామె. "మీ వాసన ముందు ఇక్కడ అలవాటు చేసి, ఆ తర్వాతే పంపుతాను. మూడోసారి కూడా వెనక్కొస్తే కుక్కల్ని చూసే మా సంస్థవాళ్లు ఇక ఎవరికీ ఇవ్వరు. ఊరి చివర షెడ్డులో సిమెంటు గది ఇస్తారు. ఉన్నన్నాళ్లూ అందులోనే. అందుకని అడుగుతున్నా. కుక్కపిల్లలు బోలెడున్నాయి. ఈ పెద్దాయన ఎందుకు మీకు?"

"మా నాన్న కోసం." అతను కాసేపు గొడుగు నుంచి కారుతున్న నీళ్లను చూశాడు. "అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి నాన్న షాపులోకి దిగలేదు. పైన కిటికీ దగ్గర కూర్చుంటాడు. కుక్కపిల్లయితే ఆడించాలి. ఆయనకి ఊరికే పక్కన కూర్చునేవాళ్లు కావాలి."

ఆమె చొక్కాను మడతలు చెడకుండా తిరిగి ఇచ్చింది.

"వచ్చే ఆదివారం రండి, లాండ్రీగారూ. సిగ్గు మాత్రం ఇంట్లో వదిలేసి రండి."

ఆ ఆదివారమూ వానే. అతను రెండు కవర్లలో చుట్టిన చొక్కాను దొంగసొత్తులా అందించి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గుండీ సోఫా కిందనుంచి వచ్చాడు. చంక భాగాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. చొక్కాను పళ్లతో పట్టుకుని తన పక్క మీదికి ఈడ్చుకెళ్లాడు.

"మీ పరువు పోయింది గానీ, పనైంది," అందామె.

మూడో ఆదివారం గుండీని బుట్టలో పెట్టి ఇచ్చింది. తన మెడలో ఉన్న నీలం స్కార్ఫ్ తీసి వాడి చుట్టూ దోపింది.

"నెల రోజులు ఇది వాడి పక్కలోనే ఉండాలి. బెంగొస్తే ఇందులో ముఖం పెట్టుకుంటాడు. మీరేం చేసినా సరే, దీన్ని మాత్రం ఉతకొద్దు. నెలయ్యాక వచ్చి చూసి, కాగితాల మీద సంతకం పెడతాను."

బుట్ట గుమ్మం దాటుతుంటే ఆమె వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. సింకులో ఒక్క గిన్నె కూడా లేదు. అది అతను చూశాడు.

లాండ్రీ మీదే వాళ్ల ఇల్లు. నాన్న కిటికీ దగ్గరనుంచి తల తిప్పి, "కుక్కెందుకురా?" అన్నాడు. "ఊరికే, నాన్నా," అన్నాడతను. అంతే. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో మాటలు "భోజనం చేశావా", "లైటు వెయ్యనా" దగ్గరే ఆగిపోయాయి. స్కార్ఫ్ సంగతి నాన్నకు చెప్పాలని అతనికి తోచనే లేదు.

ఆ ఇంట్లో ఉతకని బట్ట అప్పటికే ఒకటుంది. అమ్మ బూడిదరంగు స్వెట్టరు. ఆసుపత్రికి వెళ్లేరోజు విప్పి కుర్చీకి తగిలించింది. అది కవరులో, బీరువా పై అరలో ఉంటుంది. నాన్న అప్పుడప్పుడు ముడి విప్పి, ముఖానికి ఆనించుకుని, వెంటనే ముడి వేసేసేవాడు, వాసన అయిపోతుందేమో అన్నట్టు.

రోజూ సాయంత్రం ఫోను మోగేది.

"తిన్నాడా?"

"తిన్నాడు. మీరు తిన్నారా?"

"నేను కుక్కని కాదు, లాండ్రీగారూ."

"తెలుసు. మీకు పళ్లన్నీ ఉన్నాయి."

అవతల ఫోను పక్కకు జరిగిన చప్పుడు. ఆమె నవ్వును ఫోనుకు దూరంగా పెట్టుకుని నవ్వుతుందని అతనికి నాలుగో రోజుకు అర్థమైంది. పదో రోజునుంచి గుండీ గురించి రెండు నిమిషాలు, మిగతావాటి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇప్పటికి పదకొండు కుక్కల్ని పంపేశానని ఒకసారి చెప్పింది. "బాగున్నాయా అని అడగను. బాగుంటే నన్ను మర్చిపోయినట్టే కదా. అదే మంచిది." ఆ రోజు బుట్టలో స్కార్ఫ్ సర్దుతూ, సర్దడానికి పట్టాల్సిన సమయంకన్నా ఎక్కువసేపు చేతిలో ఉంచుకున్నాడు.

గుండీ ఏడవలేదు. నాన్న కుర్చీ కింద, స్కార్ఫ్‌లో ముక్కు దోపుకుని పడుకునేవాడు. నాన్న వాణ్ణి తాకలేదు, కసరనూ లేదు.

ఇరవై రెండో రోజు, బట్టలు ఇళ్లకు అందించి తిరిగొస్తుంటే షాపులో మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అతను మెట్లమీదే ఆగిపోయాడు. లోపల నాన్న ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, ఇస్త్రీపెట్టె అడుగును తడివేలితో పరీక్షించి, తొమ్మిది నెలలు అసలు గడవనట్టే పని చేస్తున్నాడు.

బల్ల చివర నీలం స్కార్ఫ్. నాలుగంచులూ కలిసిన మడత.

"కుక్క దీన్ని మట్టి చేసిందిరా," అన్నాడు నాన్న. "ఎవరిదో మంచి బట్ట. చూడలేక ఉతికిపెట్టాను."

అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "బాగా ఉతికావు, నాన్నా," అన్నాడు.

గుండీ తలుపు దగ్గరికి చేరాడు. రెండు రోజులు గిన్నె ముట్టలేదు. ఏడుపు సన్నగా, ఆగకుండా, తలుపు సందులోంచి ఎవరికో చెబుతున్నట్టు సాగింది. ఫోను మోగితే అతను ఎత్తలేదు. మూడో రోజు వానలో కళ్లజోళ్ల షాపుకు వెళ్లి, మడత విప్పని స్కార్ఫ్‌ను ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంది. అడగాల్సిన పని లేకపోయింది.

"ఉతకొద్దన్నాను."

"నాన్న ఉతికాడు."

"ఆయనకి చెప్పలేదా?"

"మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశామండీ. గొడవేం లేదు. అమ్మ పోయాక ఏం మాట్లాడాలో తెలీక." అతను గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. "మిషన్ చప్పుడు విని మెట్లమీదే ఆగిపోయాను. తొమ్మిది నెలల తర్వాత ఆయన మొదట ఉతికిన బట్ట ఇది. నేనెలా కసరను? వాడేమో అక్కడ ఏడుస్తున్నాడు. తప్పు ఇద్దరిదీ కాదు. నాది."

ఆమె అద్దాలు అరగదీసే చక్రాన్ని ఆపేసింది.

"రేపొద్దున వస్తాను. బుట్ట సిద్ధంగా పెట్టండి. తీసుకెళ్లాల్సొస్తే తీసుకెళతాను."

ఆ రాత్రి అతను నాన్నకు స్కార్ఫ్ సంగతీ, గుండీని పెంచిన ముసలావిడ సంగతీ చెప్పాడు. తెల్లారాక ఆమె వచ్చింది. చేతిసంచిలో కాగితాలున్నాయి, ఇంకో స్కార్ఫ్ ఉంది. షాపు దాటి మెట్లెక్కుతుంటే ఏడుపు వినిపించలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను చివరి మూడు మెట్లు పరుగున ఎక్కాడు.

నాన్న నేలమీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కనే ఖాళీ గిన్నె, ముడి విప్పిన ప్లాస్టిక్ కవరు. బుట్టలో అమ్మ స్వెట్టరు. ఒక చేతి గొట్టంలో సగం దూరి గుండీ నిద్రపోతున్నాడు.

"నాన్నా, అది అమ్మది..."

"నాకు తెలీదంట్రా?" నాన్న గొంతు తగ్గించాడు, నిద్రపోతున్నవాణ్ణి చూసి. "నిన్న నువ్వు చెప్పాక ఆలోచించాను. వీణ్ణి పెంచింది ముసలావిడ అన్నావు కదా. ముసలాళ్ల వాసన తెలిసే ఉంటుందనిపించింది. మనింట్లో ఉతకని బట్ట ఇదొక్కటే. పొద్దున్నే తీసి ఇచ్చాను."

"వాసన పోతుందేమో నాన్నా."

"పోతుందిరా. కవరులోనూ పోతోంది. రోజూ చూస్తూనే ఉన్నాను." స్వెట్టరు అంచును గుండీ వీపుమీదికి లాగాడు. "ఇక వీడి వాసనొస్తుంది. రానీ."

ఆమె నేలమీదే కూర్చుని, మోకాలిమీద కాగితాలు పెట్టుకుని సంతకం చేసింది. సిరా మీద కళ్లజోడు కిందనుంచి ఒక చుక్క పడింది. ఊది ఆరబెట్టింది.

అతను కింద షాపు గుమ్మందాకా దిగొచ్చాడు. బయట వాన మందంగా, వీధి చివర కనపడనంతగా కురుస్తోంది.

"ఇక గుండీకి స్కార్ఫ్ అక్కర్లేదు," అన్నాడు.

"అక్కర్లేదు."

"అయితే సాయంత్రాలు ఫోను..."

"తిన్నాడా అని అడగను. నేను పంపేసిన పన్నెండోవాడు." ఆమె గొడుగు తెరవబోయి ఆగింది. "మీరు తిన్నారా అని అడగొచ్చు."

"నేను కుక్కని కాదు కదండీ."

ఆమె ఈసారి నవ్వును దాచుకోలేదు, తడి కళ్లతోనే. సంచిలోంచి రెండో స్కార్ఫ్ తీసి అతని చేతిలో పెట్టింది. మూడు రోజులు వేసుకుని విప్పినది.

పైనుంచి నాన్న గొంతు వినిపించింది. చాలాకాలానికి, కింది షాపుదాకా వినపడేంత గట్టిగా. "ఒరేయ్, ఆ అమ్మాయిని వాన తగ్గేదాకా ఉండమను. కుర్చీ మీద బట్టలున్నాయి, తీసెయ్."

అతను బట్టలు తీశాడు. ఆమె కూర్చుంది.

"ఇది ఉతకాలా?" అన్నాడు, స్కార్ఫ్ చూపిస్తూ.

"ఉతికి చూడండి," అందామె.