సింగారి అడిగిన మూడో ప్రశ్న

పుష్కలగిరిని ఏలే వీరవర్మ మహారాజుకు గజశాలలోని ఏనుగుల కన్నా అనుమానాలు ఎక్కువ. అతని కూతురు హేమవల్లి పన్నెండు రోజులుగా వాంతులతో మంచం పట్టింది. నల్లకొండ రాక్షసుడు మంత్రించి ఇచ్చిన మందును వంటమనిషి అంకమ్మే తిండిలో కలిపిందని రాజు ఆమెను చెరలో వేయించాడు. మూడు రోజుల్లో విరుగుడు దొరక్కపోతే ఉరి తీస్తానన్నాడు.

అంకమ్మ కూతురు సింగారి మూలికల సంచీ భుజాన వేసుకుని నల్లకొండకు బయలుదేరింది. దారిలో పొద కదిలినా ఎవరో వెంటాడుతున్నారనే అనుకుంది. కొండ గుహలో రాక్షసుడు తల పట్టుకుని మూలుగుతున్నాడు. ఆ మూలుగు కూడా ఆమెకు నాటకంలాగే తోచింది.

"రాకుమారికి విరుగుడు ఇవ్వు," అంది దూరంగా నిలబడి.

"ముందు నా బాధ పోగొట్టు. అదేమిటో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు అడుగు. నాలుగోది అడిగితే మింగేస్తాను."

"మనుషుల్ని తిని అరక్క తెచ్చుకున్న తలనొప్పేగా ఇది?"

"ఆఁ, అంతే," అన్నాడు రాక్షసుడు నీరసంగా. ఆమె ఇచ్చిన శొంఠి కషాయం తాగాడు. ఏమీ తగ్గలేదు.

"పోనీ, జ్వరమా?"

"అదే అయ్యుంటుంది." తిప్పతీగ రసమూ వృథా అయింది.

సింగారికి తన మీద తనకే కోపం వచ్చింది. జవాబు తానే చెప్పి, అతని చేత ఊఁ కొట్టించుకుంటోంది. రాజు తన తల్లిని ప్రశ్నించిందీ అచ్చం ఇలాగే. ఈసారి దగ్గరగా వెళ్లి కూర్చుంది.

"నీకేమైంది? మొదటినుంచి చెప్పు."

వానలు వెలిశాక ఈ గుహకు మారాడట. అప్పటినుంచి ఎడమ చెవిలో ఒకటే రొద. ఎండెక్కితే తల పగిలిపోతుందట, పొద్దు వాలితే నెమ్మదిస్తుందట. సింగారి మధ్యలో నోరు మెదపలేదు. అంతా విని, లేచి చెవిలోకి తొంగిచూస్తే అరచేయంత తేనెపట్టు ఉంది. పొగ పెట్టగానే ఈగలన్నీ లేచిపోయాయి.

రాక్షసుడి కళ్లు చెమ్మగిల్లాయి. "మీ రాకుమారిని నేనెన్నడూ చూడలేదు తల్లీ, ఏ మందూ ఇవ్వలేదు. నా దగ్గర విరుగుడూ లేదు. బాధపడే పిల్లనే అడుగు," అంటూ ఆమెను భుజాన ఎక్కించుకుని, ఆకాశమార్గాన తెచ్చి కోటలో దించాడు.

"ఎలా మొదలైందమ్మా?" అని సింగారి హేమవల్లిని అడగగానే రాజు జవాబు చెప్పబోయాడు.

"రాకుమారిని చెప్పనివ్వండి మహాప్రభూ."

హేమవల్లి మెల్లగా నోరు విప్పింది. "నాన్నగారు వంటింటి కుండల్ని నమ్మక, నా మజ్జిగ తన గదిలో ఇత్తడి బిందెలో పోయించి తాళం వేస్తున్నారు. అది తాగిన ప్రతిసారీ వాంతే. అంకమ్మ ఏం పెట్టిందని అడిగారే గాని, నన్నెవరూ ఇలా అడగలేదు."

సింగారి బిందె తెప్పించింది. లోపల తగరపు కళాయి పూత లేదు. మజ్జిగ పులుపు తగిలి అడుగంతా విషంలాంటి పచ్చటి చిలుము పట్టింది. ఆ గది తాళంచెవి రాజు మొలలోనే ఉంది.

వారం తిరిగేసరికి హేమవల్లి లేచి తిరిగింది. సింగారి రాజవైద్యురాలైంది. అంతకన్నా ముందు, బిందె బయటపడిన ఆ పూటే రాజు స్వయంగా చెర తలుపు తీశాడు. అంకమ్మను సభకు తీసుకొచ్చి, తల వంచుకుని అడిగాడు.

"నీకేం కావాలో చెప్పు అంకమ్మా."

"మూడు రోజులు నిలువుకాళ్ల మీద ఉంచారు మహారాజా. ముందు కాస్త కూర్చోనివ్వండి."

రాజు ఆమె చెయ్యి పట్టుకుని తన సింహాసనం మీద కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడ్డాడు.