వద్దన్నంతసేపు ముట్టలేదు

రమణి సంచిలో ఒకటి పెడుతుంటే వాళ్ళమ్మ మాలకొండమ్మ రెండు తీస్తోంది. గాజుగుడ్డ చుట్టలు, కత్తెర, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చిలైటు, అన్నీ సంచిలోంచి మంచం మీదికి, మంచం మీంచి సంచిలోకి తిరుగుతున్నాయి.

“శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళ కాళ్ళు, వాళ్ళ బొబ్బలు. మధ్యలో నీకేంది? పోయినేడు చేసిన పుణ్యానికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది చాల్లేదా?”

రమణికి ఒళ్ళు మండింది. ఏడాదైనా ఆ మంట చల్లారలేదు. “తప్పు చేసి ఎక్కినానా అమ్మా?”

పోయిన శివరాత్రి సంగతి అది. నర్సు ట్రైనింగ్ పూర్తిచేసిన రమణి, పెద్దారవీడు జట్టుతో కలిసి నల్లమల అడవిదారి పట్టింది. ఎండ నడినెత్తిన ఉండగా, శివమాల వేసుకున్న బాలయ్య రాళ్ళ మీద జారిపడ్డాడు. పిక్క చీరుకుపోయి నెత్తురు ధారగా కారుతోంది. రమణి పరుగున పోయి పక్కన కూర్చుంది.

“ముట్టద్దు తల్లీ! మాలలో ఉండా. ఆడమనిషి చెయ్యి తగలగూడదు.”

“నెత్తురు పోతాంది స్వామీ!” అంటూ చెయ్యి చాచింది.

“ఆగండి మేడం. వద్దంటున్నాడు గదా!”

వెనక్కి తిరిగింది. సన్నగా, పొడుగ్గా, దుమ్ముకొట్టుకున్న కళ్ళద్దాలతో ఒక కుర్రాడు.

“మీరెవరు సార్?”

“వెంకటకృష్ణ. మార్కాపురం కోర్టులో జూనియర్ లాయర్ని.”

“ఓహో! అయితే నెత్తురుకు వాయిదా ఇప్పించండి. సోమవారం దాకా ఆగుద్దేమో చూద్దాం!”

అతను నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు. “తెలివిగా ఉన్న మనిషి వద్దంటే, మంచికైనా ముట్టగూడదు మేడం. మీరు చెప్పండి, నేను కడతా. స్వామీ, నా చెయ్యి పరవాలేదా?”

బాలయ్య తలూపాడు. గుడ్డ మడిచి గాయం మీద అదమమంది రమణి. అతను వేలికొసలతో అదిమాడు.

“అది కాలు లాయరు సారూ, కాగితం కాదు. గట్టిగా!”

“గట్టిగానే...” అతని ముఖం పాలిపోయింది.

“మీరూ పడిపోయేట్టున్నారు. మీ పర్మిషన్ ఇప్పుడే అడిగి పెట్టుకోవాల్నా?”

బాలయ్య బామ్మర్ది కోటి, “జీపు తెస్తా, ఈడనే ఉండండి” అని వెళ్ళాడు. అతను మలుపు తిరిగాడో లేదో, బాలయ్య కళ్ళు తేలేశాడు. పిలిస్తే పలకలేదు.

“ఇప్పుడు?” అంది రమణి.

“ఇప్పుడు మీ చెయ్యే. ఆయనకు సోయి లేదు, అడుగుదామంటే అయినవాళ్ళు లేరు. ప్రాణం కాపాడాలని చేస్తే నేరం కాదు. కానీండి!”

ఆమె కట్టు కట్టింది. నెత్తురు నిలిచింది. జీపు రాలేదు. జట్లు ఒక్కొక్కటే దాటిపోయాయి.

“మీవాళ్ళు పోయినారు. మీరు పోలేదేం?” అన్నాడు వెంకటకృష్ణ.

“చెయ్యేసినాక, మనకంటే తెలిసినోళ్ళకు అప్పజెప్పిందాకా వదలగూడదు. మరి మీరు?”

“నేనూ చెయ్యేసినా గదా!” అన్నాడు, బాలయ్య వైపు చూడకుండా.

రమణికి అప్పుడే ఎందుకో గాజుగుడ్డ కత్తిరించాల్సిన పని గుర్తొచ్చింది. పొద్దుగూకే ముందు అటవీ శాఖ వాళ్ళు వచ్చి, బాలయ్యను దుప్పటి డోలీలో రోడ్డు దాకా మోశారు.

నెల తిరక్కముందే కోటి కంప్లైంట్ ఇచ్చాడు. వద్దన్నా ముట్టి మాల చెడగొట్టిందట. కట్టు బిగించి కాలు కుంటి చేసిందట!

“ఒక్క క్షమాపణ చెప్పమ్మా, పోద్ది” అన్నాడు ఎస్సై.

“క్షమాపణా? మనిషి బతికినందుకా సార్?” రమణి గొంతు బయట టీకొట్టు దాకా వినబడింది. “జీపు తెస్తానని పోయినోడు కుర్చీలో కూచోవాల, నెత్తుట్లో చేతులు పెట్టినదాన్ని నేను నిలబడాల! ఇట్లయితే రేపు అడవిలో పడినోణ్ణి ఎవురు ముడతారు?”

అప్పుడే వెంకటకృష్ణ లోపలికి వచ్చాడు. “సార్, మనిషిని పులి ఎత్తుకుపోతుంటే, కాపాడదామని తుపాకీ పేలిస్తే, గుండు తగిలి ఆ మనిషే పోయినా నేరం కాదని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. ఈమె కాల్చలేదు, కట్టు కట్టింది.”

“చట్టంలో పులా?” ఎస్సై నోరు తెరిచాడు. “మన నల్లమలను చూసే రాసినట్టున్నారే!”

గుమ్మంలో కర్ర చప్పుడైంది. బాలయ్య.

“వద్దన్నంతసేపు ముట్టలేదు సార్. సోయి తప్పినాకనే ముట్టింది. కుంటిదైనా, ఇది బతికిన కాలు.” బామ్మర్ది వైపు తిరిగాడు. “ఏరా, జీపేది?”

కోటి నేల చూపులు చూశాడు.

మెట్లు దిగుతూ రమణి మెల్లగా అంది. “ఆరోజు మీరు ఆపబట్టే ఈరోజు నిలబడినా. మిమ్మల్ని మనసులో తిట్టుకున్నా.”

“మనసులోనా? నాకు బయటికే వినబడిందే!”

ఇప్పుడు వాకిట్లో బండి ఆగిన చప్పుడుకు మాలకొండమ్మ చేతిలో కత్తెరతో అట్లాగే నిలబడింది.

“అత్తా, కాసిని నీళ్ళు!” వెంకటకృష్ణ లోపలికి వచ్చాడు.

“ఊరంతా నన్ను పెద్దమ్మా అంటారు. నువ్వు అత్తా అంటావేంది నాయనా?”

“పెద్దమ్మా అంటే రమణి నాకు చెల్లెలైపోదా అత్తా? కోర్టులో ఏ వాదనైనా ఓడిపోతా గానీ, అది మాత్రం ఒప్పుకోను.”

రమణి సంచిలో తల దూర్చి నవ్వు దాచుకుంది.

“నువ్వేమంటావే?” అంది తల్లి.

“తెలివిగానే ఉండా. వద్దనలేదు గదా!”

మాలకొండమ్మ నవ్వలేదు. “ఇద్దరూ ఆ అడవికేనా? మళ్ళీ ఎవుడో కేసు పెడితే?”

రమణి తల ఎత్తింది. కళ్ళలో నిప్పులు. “నాయన అడవిలో బండల మీద పడివుంటే దారినపోయేవాళ్ళు చూసినారు గదమ్మా! ముడితే కేసవుద్దని పక్కకు తప్పుకొని పోయినారు. ఒక్కరు ఆగి ఉంటే?”

మాలకొండమ్మ కత్తెర సంచిలో పెట్టింది. పొట్లాలు పెట్టింది. గాజుగుడ్డ చుట్టలు ఒక్కొక్కటే పెట్టి, జిప్పు లాగి, సంచి వెంకటకృష్ణ భుజానికి తగిలించింది.

“ఎవురన్నా పడివుంటే చూసి పోవద్దు. ఇద్దరూ తిరిగి రావాల.”

శివరాత్రి మర్నాడు ఇద్దరూ తిరిగి వచ్చారు. వైశాఖంలో పెళ్ళయింది.

రమణి తండ్రి నాగయ్య తిరిగి రాలేదు. పన్నెండేళ్ళ కిందట, శ్రావణమాసంలో, మేకలు తోలుకొని అడవికి పోయాడు. సాయంత్రానికి మేకలు వచ్చాయి.