చివరి మంచం మీద రాత్రి

ఎముకల వార్డులో ఆ చివరి మంచం మాట ఎత్తితే ఆయాలు కూడా గొంతు తగ్గిస్తారు. విరిగిన కాలికి బరువు వేలాడదీసే ఇనుప చట్రం దానికొక్కదానికే ఉంది. అందుకని తొడ ఎముక విరిగిన ప్రతి మగాణ్ణీ దానిమీదే పడుకోబెడతారు. పగలంతా మామూలే. రెండో రాత్రో, మూడో రాత్రో... కాళ్ల దగ్గరికి ఎవరో వస్తారట.

ఒక తాపీమేస్త్రీకి గోడనిండా పురుగులు కనిపించాయట. ఒక దర్జీకి చచ్చిపోయిన తమ్ముడు కనిపించాడట. ఇంటివాళ్లు హడలిపోయి, సంతకం పెట్టి తీసుకుపోయారు. ఇల్లు చేరిన గంటకే ఇద్దరికీ పట్టింది వదిలిందంటారు. ఎలా వదిలిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇవన్నీ విన్నాకే బస్సు డ్రైవరు భార్య ఆ మంచం పక్కన చాప పరుచుకుంది. వేరే మంచం ఎక్కడుంది గనక? డ్రైవరు స్నానాలగదిలో జారిపడ్డాడని అత్తగారు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉంది.

మూడో రాత్రి దీపాలార్పారు. బాగా పొద్దుపోయాక... చట్రం కిర్రుమంది.

ఆమె దిగ్గున లేచి కూర్చుంది. మొగుడి వేళ్లు దుప్పటి మీద ఏవో ఏరుతున్నాయి. దిండు చెమటతో తడిసిపోయింది.

"ఎవరే... నీ వెనకాల?"

తిరిగి చూసింది. ఎవరూ లేరు — ఖాళీ వరండా.

"పిల్లలే. యూనిఫారాల్లో ఉన్నారు... అలా చూస్తారేం?"

అత్తగారు అప్పటికే సంచి సర్దేస్తోంది, ఇంక ఒక్క క్షణం ఇక్కడ ఉండేది లేదని, చిన్నకొడుకుని ఆటో తెమ్మంటానని.

అంతలో నర్సు వచ్చింది. ఈ వార్డుకి కొత్త. నాడి చూసింది, వణికే చేతులు చూసింది.

"ఆఖరుసారి ఎప్పుడు తాగాడు?"

మావాడికి ఆ వాసనే పడదంది అత్తగారు. చేర్చిన రోజు డాక్టరుకీ అదే చెప్పారు, ఆయన అదే రాసుకున్నాడు. నర్సు విసుక్కుంది. ఇదివరకు చేసిన వార్డుల్లోనూ ఇలాంటి ప్రతివాడి ఇంటివాళ్లూ ఈ మాటే అన్నారట. తాగి పడతారు, కాలు విరుగుతుంది, ఇక్కడ చుక్క దొరకదు. రోజూ తాగేవాడికి అది ఆగిపోతే లేనివన్నీ కనబడతాయి.

"దెయ్యం కాదమ్మా, తాగుడు. దీనికి వైద్యం ఉంది. డాక్టర్ని పిలుస్తాను, కానీ నిజం చెప్పండి. ఇలాగే వదిలేస్తే ఫిట్సొచ్చి పోతాడు."

అత్తగారు కోడలి మణికట్టు గట్టిగా నొక్కింది. ఎందుకో ఆమెకి తెలుసు. కాగితం మీద ఆ ముక్క పడితే స్టీరింగు మళ్లీ చేతికివ్వరు. ఇల్లు నడిచేది ఆ బస్సు మీదే. ఇన్నేళ్లూ పరువనీ, పొట్టకూడనీ నోరు కుట్టేసుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"తాగుతారు సిస్టర్," అంది. "రోజూ. పొద్దున్నే స్కూలు బస్సు తీసేముందు కూడా."

నర్సు ఫోను దగ్గరికి పరిగెత్తింది. అత్తగారు చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగిపోయింది.

పక్క మంచం కింద ఎవరో కదిలారు. దీపాలార్పాక ముసలి తండ్రిని తీసుకొచ్చి చేర్పించినతను — లేచి నిలబడ్డాడు. అతని చేతిలో ఫోను లైటు వెలిగింది. ఆ వెలుతురు డ్రైవరు మొహం మీద పడి, అక్కడే ఆగిపోయింది.

"మా పాపని రోజూ ఈయన చేతికే అందిస్తానమ్మా," అన్నాడతను.