కాపలా ఎలుకలు

...అయినా ఈ దురద నిజంగా ఒంటి మీదుందా, మనసులోనేనా? పదిహేనేళ్లుగా ల్యాబ్‌లో ఎలుకల గది చూసుకుంటున్న పెద్దమ్మ మెడ గోక్కోబోయి, చేతికున్న తొడుగు చూసి ఆగింది. ఇంత పాపం చెయ్యడానికి ఎవరికి చేతులొచ్చాయి? మూడు వందల పెట్టెల్లో ఎలుకలకు చెవుల వెనక బొచ్చు రాలి పుళ్లు పడ్డాయి. మైట్ అనే కంటికానని పురుగు. సాయంత్రానికి అన్నిటినీ చంపెయ్యమని పైవాళ్ల ఉత్తర్వు. డాక్టరమ్మ ఎనిమిదేళ్లుగా పెంచుకొచ్చిన జాతి అది, ఇంకెక్కడా లేదు.

ఎవరో కావాలనే చేశారని డాక్టరమ్మ పట్టు. అందుకే పొద్దున్నే డిటెక్టివ్‌ను పిలిపించింది. వెంట అసిస్టెంటు వచ్చాడు. అనుమానమంతా ఆమె శిష్యుడి మీద. చేరి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే వేరే ల్యాబ్‌కి వెళ్తానంటున్నాడు.

శిష్యుణ్ణి డిటెక్టివ్ నాలుగు మాటలే అడిగి వదిలేశాడు. కిటికీ పక్క వరుసలోని ఎలుకల మెడలు మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత మూలనున్న పెట్టె దగ్గర ఆగాడు. అందులోని రెండూ కాపలా ఎలుకలని పెద్దమ్మే చెప్పింది. వారం వారం ప్రతి వరుస నుంచీ ఎలుకల కింద పరిచి మురికైన చెక్కపొట్టు కాస్త తీసి వీటి కింద వెయ్యాలి. ఎక్కడ పురుగున్నా వాటికీ అంటుకుంటుంది. నెలకోసారి వాటి బొచ్చుకు టేపు అంటించి మైక్రోస్కోపులో చూస్తారు. ఏడాదిగా ఏమీ కనబడలేదు.

అసిస్టెంటు టేపు అంటించి చూశాడు.

"ఒక్క పురుగు లేదు సార్. ముత్యాల్లా ఉన్నాయి."

"అదే కదయ్యా నా బాధ," అంటూ డిటెక్టివ్ వంగి ఆ పెట్టె వాసన చూశాడు.

మధ్యాహ్నం అందర్నీ ఆ గదిలోనే నిలబెట్టి చెప్పాడు. పురుగు పోయినేడు బయటి నుంచి తెచ్చిన మగ ఎలుకతో వచ్చింది. దాన్ని పెట్టిన కిటికీ వరుసలో మానిన పాత మచ్చలున్నాయి. అప్పటికి శిష్యుడు ఇక్కడ లేనే లేడు.

"మరి గదంతా ఉన్న పురుగు, గదంతటి మురికీ పడే పెట్టెలో లేదేం? ఆ మురికి పడలేదు గనక. అందులో కొత్త చెక్క వాసన తప్ప ఇంకేం లేదు." ఆయన పెద్దమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎప్పట్నుంచి మంచి పొట్టు వేస్తున్నావమ్మా?"

పెద్దమ్మకు ప్రశ్న అర్థమైంది. ఆ తర్వాత తక్కినదంతా అర్థమైంది.

"ఏడాది దాటింది బాబూ. నోరులేనివి. ఊళ్లో వాళ్లందరి మురికిలో అవెందుకు పడుకోవాలని..."

డాక్టరమ్మ గోడకానుకుంది.

"ఒక్క వరుసలో ఉన్నప్పుడు తెలిసుంటే మందుతో పోయేది, పెద్దమ్మా," అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఇక చేసేదేమీ లేదా అని శిష్యుడు అడిగాడు. డిటెక్టివ్ తల అడ్డంగా ఊపి, టోపీ తీసుకున్నాడు.

వరండాలో పెట్టెల్ని తీసుకుపోయే బండి చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. పెద్దమ్మ కిటికీ వరుసలో మొదటి పెట్టె తెరిచి పిడికెడు మురికి పొట్టు తీసింది. మూల పెట్టె మూత ఎత్తింది. రెండు ఎలుకలూ అలవాటుగా ముక్కులెత్తి ఆమె చేతికి ఎదురొచ్చాయి.

పిడికిలి విప్పింది.