క్వారీలో ఒంటికన్ను

ఆ క్వారీ పేరెత్తితే చాలు, సైకిలు పోటీకి వచ్చేవాళ్ళలో ఎంతటి మొనగాడైనా గొంతు తగ్గిస్తాడు. రెండో లోయ చివర, కొండని సగం కొరికి వదిలేసినట్టుంటుంది. ఒకప్పుడు అక్కడ రాయి కొట్టేవాళ్ళు. పేలుడు మందు వేళకాని వేళ పేలి కొందరు పనివాళ్ళు పోయారట. ఆ తర్వాత తవ్వడం మానేశారు. గుంత నిండా నీళ్ళు చేరాయి, ఊరి నిండా పుకార్లు చేరాయి.

చీకటి పడ్డాక అక్కడ ఓ ఎర్ర కన్ను తెరుచుకుంటుందంటారు. ఒక్కటే కన్ను. తెరుస్తుంది... మూస్తుంది... మళ్ళీ తెరుస్తుంది. దానికి ఒంటికన్నుది అని పేరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, తాతల నాటి నుంచీ ఉందని మాత్రం అందరూ ఒట్టేసి చెబుతారు. చూసినవాడు వెనక్కి తిరగకుండా తొక్కేస్తాడు. ఎత్తులో ఆయాసపడే పెద్దమనుషులు కూడా అక్కడ మాత్రం గాలిలో తేలిపోతారు.

పోటీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఊరికి తాగునీళ్ళిచ్చే కొండలు కాబట్టి ఏడాది పొడుగునా గేటు వేసుంటుంది. పోటీకని ఒక పగలూ ఒక రాత్రీ తెరుస్తారు. జట్టుకి ఇద్దరు. చేతిలో మ్యాపు పెడతారు, దారి చెప్పరు. అడవిలో చెట్లకి కట్టిన పంచ్‌లు వెతుక్కుని, కార్డు మీద కన్నాలు పొడుచుకుని, తెల్లారేలోగా గేటుకి చేరాలి. ప్రతి పంచ్ దగ్గరా ఇద్దరూ ఉండాలి. విడిపోయారా, ఆట అయిపోయినట్టే.

రెండేళ్ళ కింద ఒక జట్టు విడిపోయింది. బావా, బావమరిదీ వెళ్ళారు. బావమరిది ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ బావ ఎలక్ట్రీషియను. పగలు ఎండ తాగి రాత్రి వెలిగే దీపాలంటే పిచ్చి. పాడైపోయిన తోట దీపాలు ఏరి తెచ్చి బాగుచేసి కంటబడిన ప్రతిదానికీ తగిలించేవాడు. గుమ్మానికి, నీళ్ళ ట్యాంకుకి, సైకిలుకి, ఆఖరికి పెళ్ళాం గొడుక్కి. "కదలకుండా కాసేపు కూచుంటే నాకూ ఒకటి తగిలించేలా ఉన్నాడు" అని ఆవిడ మిషను ముందు కూచుని నవ్వేది. ఆవిడ జాకెట్లు కుట్టేది.

ఆవిడ తమ్ముడే ఈ బావమరిది. బస్సు డిపోలో టైర్లు చూస్తాడు. వాళ్ళిద్దరికీ ఎంత పొత్తంటే, ఒకర్నొకరు 'బావా' అనే పిలుచుకునేవాళ్ళు. పోటీలో మ్యాపు పట్టుకునేది ఎప్పుడూ తమ్ముడే.

ఆ రాత్రి మొదటి లోయలో విడిపోయామని వెతికేవాళ్ళకి చెప్పాడు. మొదటి లోయంతా జల్లెడ పట్టారు. మైకుల్లో పిలిచారు, తాళ్ళతో దిగారు, కుక్కల్ని తెచ్చారు. మనిషి లేడు, సైకిలూ లేదు. వారం తిరిగేసరికి చేతులెత్తేసి గేటు మూశారు.

అక్క తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. పోయినేడు వాడు ఇంకొకణ్ణి జతచేసుకుని మళ్ళీ మొదటి లోయంతా గాలించాడు. తిరిగొస్తూ దూరం నుంచి ఒంటికన్నును చూసి, అందరిలాగే తలొంచుకుని తొక్కేశాడు. ఈ ఏడు పోటీకి ముందు అక్కే డిపోకి వచ్చింది, సైకిలు నడిపించుకుంటూ.

"ఈసారి నేనొస్తా. ఎక్కడ వదిలావో చూపించు."

"కొండ తొక్కడం నీవల్ల కాదక్కా."

"ఏడాదిగా తొక్కుతున్నా. మా వీధిలోకి రావడం మానేశావు కదా, నీకెలా తెలుస్తుంది?"

బతికున్నాడన్న ఆశ ఆవిడకి లేదు. ఎక్కడ పోయాడో తెలిస్తే చాలు. ఆ చోట కూచుని ఒక్కసారి ఏడవాలి. గుమ్మం మీద ఆయన పెట్టిన దీపం రోజూ సాయంత్రం దానంతటదే వెలుగుతోంది. దానికి స్విచ్ లేదు. ఆ దీపం కింద ఏడుపు రావడం లేదు.

పొద్దు వాలాక మొదటి లోయ చేరారు. దారి రెండుగా చీలిన చోట తమ్ముడు సైకిలు చెట్టుకి ఆనించాడు.

"ఇక్కడే. పంచ్ దొరకలేదు. ఇది మొదటి లోయ కాదేమోరా అన్నాడు బావ. మ్యాపు నా చేతిలో ఉంది, నాకు తెలుసన్నాను. చెట్ల వెనక మైదానం ఉంది, నువ్వటు నుంచి రా బావా, నేనిటు నుంచి వస్తా, పంచ్ దగ్గర కలుద్దామన్నాను. ఇద్దరం కలిసి పొడిస్తే ఆట నిలబడుతుందని..."

అక్క చెట్ల వెనక్కి వెళ్ళింది. నిజంగానే మైదానం. మోకాలెత్తు గడ్డి. కుంటివాడు కూడా హాయిగా నడిచిపోయే నేల. ఆ చివరి దాకా వెళ్ళి వచ్చింది. కూచుంది. చాలాసేపు కూచుంది.

"ఇక్కడ కాదురా" అంది లేచి.

గుట్ట దాటి రెండో లోయలోకి దిగారు. గేటుకి అదే దగ్గర దారి. చీకటి చిక్కబడింది. గాలి లేదు. టైరు కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక్కడా దారి రెండుగా చీలింది. తమ్ముడు మ్యాపు చూద్దామని ఆగి, సైకిలు పక్కకి ఆనించాడు.

ఆనించిన చోట చెయ్యి తగిలింది... చల్లగా.

ఇనప గొట్టం. నీళ్ళ గొట్టం. దారి పక్కన నడుమెత్తున పోతోంది. వాడి చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఈ చల్లదనం వాడికి తెలుసు. ఆ రాత్రి బావతో వాదిస్తున్నంతసేపూ పట్టుకు నిలబడింది దీన్నే. ఇందాక మొదటి లోయలో సైకిలు చెట్టుకి ఆనించాడు... అక్కడ గొట్టం లేదు.

మ్యాపు విప్పాడు. లోయలు రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. అదే వంపు, అదే చీలిక, అదే చెట్ల వరస. ఒక లోయలో నిలబడి పక్క లోయలో ఉన్నామనుకోవడం మ్యాపు పట్టుకు తిరిగేవాళ్ళు మాత్రమే చేసే తప్పు. మ్యాపు లేనివాడికి ఆ ధైర్యం రాదు.

"అక్కా... ఆ రాత్రి మేం ఇక్కడున్నాం."

"చెట్ల వెనక ఏముందిరా ఇక్కడ?"

వాడికి చెప్పే పని లేకపోయింది. చెట్ల సందులోంచి, దూరంగా, కిందుగా — ఎర్రగా తెరుచుకుంది.

మూసుకుంది.

తెరుచుకుంది...

"చూడకక్కా." వాడు సైకిలు వెనక్కి తిప్పేశాడు. "పద, పోదాం. పొద్దున వద్దాం, అందర్నీ తీసుకొద్దాం..."

అక్క కదల్లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఒక పొట్టి వెలుగు, ఇంకో పొట్టి వెలుగు, ఒక పొడుగు వెలుగు. ఆగడం. మళ్ళీ రెండు పొట్టివి, ఒక పొడుగుది.

"నా గొడుక్కీ ఇలాగే పెట్టాడురా" అంది గుసగుసగా.

సైకిలు పడేసి చెట్లలోంచి నడిచింది. తమ్ముడు ఆవిడ చెయ్యి పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. చెట్లు ఉన్నట్టుండి అయిపోయాయి, నేల కూడా అక్కడితో అయిపోయింది. ఇద్దరూ బోర్లా పడుకుని లైటు కిందికి వేశారు. నీళ్ళకి పైన, రాతి గట్టు మీద, ముళ్ళపొదలో ఇరుక్కుని సైకిలు. దాని వెనక ఆ ఎర్ర దీపం. రెండేళ్ళుగా పగలు ఎండ తాగుతూ, రాత్రి వెలుగుతూ. పక్కన ఆవిడ కుట్టిన చొక్కా.

అప్పుడు ఏడ్చింది. కొండలు తిరిగి పలికేలా ఏడ్చింది.

చాలాసేపటికి అడిగింది. "పడగానే పోయాడంటావా?"

"పడగానే అక్కా. ఏమీ తెలీకుండా."

ఆవిడ తలూపింది. ఆ ఒక్క మాటనీ గట్టిగా పట్టుకుంది. ఫోన్లు పనిచేసే చోటు కాదు, అందుకని మనుషుల్ని తీసుకురావడానికి గేటు వైపు బయల్దేరారు.

గేటు కాపలాదారు గదికీ క్వారీకీ మధ్య ఒకటే గుట్ట. ముసలాయన నీళ్ళిచ్చి కూచోబెట్టాడు. వాళ్ళ ముఖాలు చూసి ఆయనే గొంతు తగ్గించాడు.

"కనిపించిందా, ఒంటికన్నుది?"

అక్క అడిగింది. "నువ్వు మొదటిసారి ఎప్పుడు చూశావు తాతా?"

"అది తాతల నాటి నుంచీ ఉందమ్మా."

"నువ్వు. నీ కళ్ళతో."

ఆయన కాస్త ఆలోచించాడు.

"నేనా... రెండేళ్ళ కిందనే. పోటీలో ఎవరో తప్పిపోలే? ఆ మర్నాటి రాత్రి. మొదట్లో కన్నొక్కటే కాదమ్మా, దానికి గొంతు కూడా ఉండేది. పగలంతా వెతికేవాళ్ళ మైకుల గోల, ఏమీ వినపడేది కాదు. రాత్రి నేను గుట్టెక్కితే, నా టార్చి చూసి పిలిచేది. అలా నాలుగైదు రాత్రులు. రోజురోజుకీ సన్నబడి, ఆగిపోయింది."

"ఏమని పిలిచింది?"

"బావా... వచ్చావా బావా... అని."

రెండేళ్ళలో మొదటిసారి అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది.

"నాకు బావలెవరున్నారమ్మా?" అన్నాడు ముసలాయన, వాళ్ళు భయపడ్డారనుకుని ధైర్యం చెబుతున్నట్టుగా. "మాయ అని తెలిసిపోయింది. టార్చి ఆర్పేసి దిగొచ్చి తలుపేసుకున్నా. దెయ్యం పిలిస్తే పలక్కూడదు కదా!"