హద్దు చుక్కలు

మా తండ దంతాలపల్లికి దగ్గర్నే. మిర్చి ఏరే రోజులవి. చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని గడప మీద కూసున్న. మా బిడ్డ ఉమ నా కాలు ఒళ్లె పెట్టుకొని ముల్లు తీస్తున్నది. తీసుకుంట తీసుకుంట ఆగింది.

"యాడీ, ఇదేంది?"

మా ఇండ్లల్ల అమ్మను యాడి అంటం. మడిమె కింద నల్లటి మచ్చ. పెసరగింజంత ఉన్నది. నొప్పి లేదు, దురద లేదు. అరికాలు ఎవరు చూసుకుంటరు?

ఇద్దరికీ యాదికొచ్చింది బూలి అక్కనే.

బూలి నా తోడబుట్టిన అక్క. చుట్టుపక్క తండలన్నిట్ల పచ్చబొట్లు పొడిచేది. దీపం మసి, ఆకు పసరు, ఒక సూది. గంతే ఆమె సామాను. పొడిచేటప్పుడు చెయ్యో కాలో గట్టిగ పట్టుకొని మెల్లగ అనేది, "కదలకు... చుక్క చెదుర్తది."

పోయేనాడు సొమ్ములన్ని ఇక్కడ్నే వలుస్తరు, పచ్చబొట్టొక్కటే ఒంటితోని వస్తది, పైన అక్కడ ముందు పోయిన మనోళ్లు దాన్ని చూసే గుర్తుపడ్తరు అని మా పెద్దల మాట. ఉమ మాత్రం పొడిపిచ్చుకోలే. కాలేజీల నవ్వుతరని తప్పిచ్చుకునేది.

"నీ సూది తుప్పు పట్టింది పెద్దమ్మా."

"తుప్పు నీ నోటికి పట్టిందే. రేపు అక్కడ నిన్ను నేనెట్ల గుర్తుపట్టాలె?" అని అక్క నవ్వేది.

ఆ అక్క అరికాల్లనే ఇసొంటి మచ్చ లేచింది. ముల్లు ఇరిగిందనుకొని పసర్లు కట్టినం. క్యాన్సరని తెలిసేసరికి గజ్జలదాక పాకింది. పోయేముందు నా చెయ్యి పట్టుకొని, "ఒక్కదాన్నే పోతున్ననే రాజీ" అన్నది. పొడిచే మనిషి పోతే సూదిని ఆమెతోనే పంపాలె. నాకు మనసొప్పలే. బట్టల చుట్టి పెట్టెల దాచుకున్న.

ఉమ నన్ను మానుకోట దవాఖానకు తోల్కపోయింది. చర్మం డాక్టరమ్మ పేరు హిమజ. తొర్రూరు షావుకార్ల బిడ్డ, మన తెలుగే మాట్లాడ్తది, మా తండ భాష మాత్రం రాదు. పరదాలు ఏసి, అరికాలుకు చల్లటి జెల్లు రాసి, గాజు బిళ్ల ఉన్న కెమెరా ఆనిచ్చింది. గోడకున్న టీవీల నా అరికాలు కనవడ్డది. ఇంత పెద్దగ.

"చూడు అక్కా, దున్నిన చేను లెక్క లేదా? నలుపు సాళ్లల్ల ఉన్నదా, గట్ల మీద ఉన్నదా?"

"సాళ్లల్ల."

"సాళ్లల్ల ఉంటే భయం తక్కువ. గట్లెక్కినా, అంచులు పెరిగినా కోసి పరీక్షకు పంపాలె. వానలు పడ్డంక మల్ల రా. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూద్దం."

వానలు పడేదాక ఎట్ల ఆగాలె? అది పెరుగుతున్నదా లేదా నాకెట్ల తెలవాలె? చేనుకైతే హద్దురాళ్లు పాతుకుంటం. ఒకనాడు ఉమ ఇంట్ల లేంది చూసి పెట్టె తెరిచిన. అక్క సూదితోని మచ్చకు నాలుగు దిక్కుల నాలుగు చుక్కలు పొడుచుకున్న.

ఆనాటి నుంచి పొద్దున లేస్తే మడిమె సురసుర మనేది, అప్పుడే పొడిచినట్టు. దీపం ముట్టియ్యకున్నా ఇంట్ల మసి వాసన... కాలు తిప్పి చూస్తే చుక్కలు నాలుగే. మచ్చ హద్దుల్నే ఉన్నది. ఉమకు చెప్పలే. తిడ్తదని.

రెండోసారి పోయిననాడు పొద్దటి నుంచి ముసురు. దవాఖాన అంత తడి చెప్పుల బురద, ఫినాయిలు వాసన. ఉమ బయట బల్ల మీద కూసున్నది. లోపల డాక్టరమ్మ పరదాలు ఏసింది. రేకుల మీద వాన సప్పుడు. బల్ల మీద పండుకొని కాలు చాపిన.

"ఈ చుక్కలు ఏంది అక్కా? ఎవరు పొడిచిన్రు?"

"నేనే మేడమ్. హద్దుకని..."

"హద్దా? గసొంటి మచ్చ కాడ సూది పెడ్తరా ఎవరన్న?" అని కోపం చేసింది. జర ఆగి, "ఎన్ని పొడుచుకున్నవ్?" అని అడిగింది.

"నాలుగు."

ఆమె టీవీ దిక్కు చూస్తున్నది. నేనూ చూసిన. టీవీల ఐదు ఉన్నయి.

వంగి నా అరికాలు చూసి, వేలు పెట్టి నాలుగే లెక్కబెట్టింది. బిళ్ల తుడిచింది. మల్ల ఫోటో తీసింది.

ఆరు.

మల్ల తీసింది. ఏడు. కొత్త చుక్కలన్ని గట్ల మీదనే ఉన్నయి. ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగ తిరుగుకుంట... ఆ వరుస నాకు తెలుసు. నా చేతుల మీద అక్క పొడిచింది ఆ వరుసనే.

కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగ ఆగింది. కెమెరా బిళ్ల సుట్టున్న వెలుగు ఒక్కటే, బల్ల అంచు మీద, తెల్లగ. డాక్టరమ్మ నా మడిమె పట్టుకున్నది. గట్టిగ. భయపడకని పట్టుకున్నదేమో అనుకున్న.

ఆ చెయ్యి గరుకుగ ఉన్నది.

ఆకు పసరు వాసన... తర్వాత మసి వాసన...

"కదలకు..." మా తండ భాషల. నా కాళ్ల కాడ. "చుక్క చెదుర్తది."

"మేడమ్..." అన్న. మల్ల అన్న.

"ఇక్కడున్ననక్కా. పరదా తీస్తున్న, ఆగు."

కిటికీ కాడి నుంచి వచ్చింది ఆ మాట. గదికి ఆ పక్క నుంచి.

పరదా జరిగింది. వెలుతురు పడ్డది. కాళ్ల కాడ ఎవరూ లేరు. డాక్టరమ్మ వచ్చి దూదితోని నా మడిమె తుడిచింది. దూది నల్లగ అయ్యింది. దాని దిక్కు జర సేపు చూసి, డబ్బాల ఏసింది.

"ఇయాళ్నే ముక్క తీస్త" అన్నది.

పరీక్షల అక్కకున్న రోగమే వచ్చింది. లోతుకు పోలేదన్నరు. మడిమె కాడ వెడల్పుగ కోసి, తొడ తోలు తెచ్చి అతికిన్రు. టైముకు దొరికింది, బతికినవ్ అన్నది డాక్టరమ్మ. నెలనెల ఫోన్ల ఫోటో తీసి పంపమని ఉమకు చెప్పింది. నేను సూదిని ఆకేరు వాగుల పారేసొచ్చిన. పారేసి ఎనుకకు తిరిగి చూడలే.

మొన్న పొద్దున అదే గడప మీద కూసున్నం. మంచి ఎండ. ఉమ ఒక చేత్తోని నా మడిమె పట్టుకొని, ఇంకో చేత్తోని ఫోటో తీసింది.

"చూడు యాడీ, ఎంత మంచిగున్నదో. నల్లటిది ఏమీ లేదు. నువ్వు గట్టెక్కినవ్ ఇగ."

చూసిన. నిజంగనే అతికిన కాడ నున్నగ మానింది, మచ్చ లేదు. ఆ పక్కన నా మడిమెను పట్టుకున్న ఉమ చెయ్యి గూడ ఫోటోల పడ్డది. చెయ్యి మీద నల్లటి చుక్క.

ఆమె చెయ్యి గుంజి చూసిన. ఏమీ లేదు. ఉత్త చెయ్యి.

"ఏందే, గట్ల గుంజుతవ్? కదిలి మసక అయితది" అని నవ్వుకుంట మల్ల తీసింది. ఆమె చూపంత నా అరికాలు మీదనే.

ఫోటోల రెండు చుక్కలు.

"పొద్దుగాల్నుంచి చెయ్యి సురసుర మంటున్నదే" అని ఉమ చెయ్యిని గడపకు రాసుకున్నది. ఎండల, గాలి లేనికాడ, మసి వాసన వచ్చింది. వద్దు బిడ్డా అందామనుకున్న. కాలు ఎనుకకు గుంజుకున్న.

ఉమ మల్ల నా మడిమె పట్టుకున్నది.

"ఇంకొక్కటి తీస్త యాడీ... జర కదలకు."